బుఖారీ పక్కన మేలుకునేది ఎవరు?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మా పేట పేరు ట్రాఫిక్. కొత్తగా విన్నవాళ్లు వాహనాల రద్దీ అనుకుంటారు. రైల్వే భాషలో ట్రాఫిక్ అంటే రైళ్లు నడిపించే విభాగం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు మావి. ఒకప్పుడు మగపిల్లాడు పుడితే రైల్వే నౌకరీ ఖాయమనుకునేవారు. ఆ ధీమా పోయింది. ఊరి పక్కనే కలైకుండా వైమానిక స్థావరం, సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ శిబిరం చూస్తూ పెరిగిన కుర్రాళ్లు ఇప్పుడు సైన్యం వైపు, కేంద్ర బలగాల వైపు నడుస్తున్నారు.

అలా వెళ్లిన మా వీధి కుర్రాడొకడు తూర్పు లద్దాఖ్‌లో ఒక శీతాకాలం గడిపి సంక్రాంతికి సెలవు మీద వచ్చాడు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ చలి ఎలా ఉందిరా అని అడిగాను. ‘‘చలికేటి మావయ్యా, అలవాటైపోద్ది. రాత్రి బుఖారీ పక్కన నిద్రపోడానికే భయం’’ అన్నాడు. మొదట నవ్వొచ్చింది. తర్వాత వాడు చెప్పింది విన్నాక నవ్వు రాలేదు. పొద్దున లేచి దగ్గితే నల్లటి కఫం పడుతుందట. మంట ఆరిపోతే వేడిగా ఉన్న డబ్బాలో మళ్లీ నిప్పు వేయబోయి ఒకడు కనుబొమ్మలు కాల్చుకున్నాడట. తలనొప్పి వస్తే అది ఎత్తు వల్లనో, పొగ వల్లనో ఎవరికీ తెలియదట.

రాఫెల్ యుద్ధ విమానం గురించి, ఎస్-400 గురించి మనం పేజీల కొద్దీ చర్చిస్తాం. సైనికుడు రాత్రి పడుకునే గదిలో వెలిగే పొయ్యి గురించి ఒక పేరా రాయం. ఎత్తయిన సరిహద్దుల్లో ఆ పొయ్యి కూడా ఆయుధమంత ముఖ్యమైన పరికరమే. దాన్ని ఎలా ఎంచుకుంటున్నామన్నది జాతీయ భద్రతా ప్రశ్నే.

మంచు వార్త అవుతుంది, పొగ కాదు

1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో మన సైన్యం సియాచిన్ ఎక్కింది. అప్పటి నుంచి అక్కడ మనం కోల్పోయిన ప్రాణాల్లో శత్రువు తూటాలకు బలైనవాటికంటే చలికి, మంచుకు, ఎత్తుకు బలైనవే ఎక్కువ. 2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తులోని సోనమ్ పోస్టుపై మంచు చరియ విరిగిపడి పది మంది మద్రాస్ రెజిమెంట్ జవాన్లు కూరుకుపోయినప్పుడు దేశమంతా ఊపిరి బిగబట్టింది. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నారు. 2020 జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగినప్పుడు తెలుగు నేల కన్నీరు పెట్టింది. ఆ త్యాగాలను మరువలేం. కానీ మూసిన గదిలో పొగకు ఊపిరాడక పోయిన ప్రాణం, పొయ్యి పేలి కాలిపోయిన గుడారం మనకు రెండు వాక్యాల వార్తగానే మిగులుతాయి.

గల్వాన్ తర్వాత పరిస్థితి మారింది. అదనంగా వేల మంది సైనికులు వాస్తవాధీన రేఖ పొడవునా శీతాకాలం గడపాల్సి వచ్చింది. మైనస్ 30, మైనస్ 40 డిగ్రీల చలిలో వేసవి గుడారం చాలదు. వెచ్చని నివాసం లేనిదే సేనను అక్కడ నిలబెట్టలేం. అప్పుడు గానీ బుఖారీ మన విధాన నిర్ణేతల కంటబడలేదు.

డబ్బా లోపల జరిగేది

బుఖారీ అంటే ఇనుప డబ్బా. పైన చిన్న ట్యాంకు, దాని నుంచి సన్నని గొట్టం ద్వారా చుక్క చుక్కగా దిగే కిరోసిన్, అడుగున మంట, పొగ బయటకు పోవడానికి పైకప్పు దాటే గొట్టం. పల్లెలో కమ్మరి కూడా చేయగలిగినంత సులువైన యంత్రం. అదే దాని బలం, అదే దాని బలహీనత.

కిలో కిరోసిన్ పూర్తిగా కాలాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. 18,000 అడుగుల ఎత్తులో వాతావరణ పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగమే. అంటే అదే గాలి కోసం పొయ్యి రెట్టింపు ఘనపరిమాణాన్ని లాక్కోవాలి. చలికి భయపడి జవాన్లు తలుపులు, కంతలు గుడ్డలతో కుక్కేస్తారు. గాలి చాలదు. మంట పసుపుపచ్చగా, మసిగా మారుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఎత్తు మీద ఆక్సిజన్ ముందే తక్కువ. కొద్దిపాటి విషవాయువే పెద్ద దెబ్బ కొడుతుంది.

అంతకంటే ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది. కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం తలనొప్పితో, వికారంతో, మగతతో మొదలవుతుంది. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే పర్వత అస్వస్థత లక్షణాలూ అవే. జవాను ‘ఎత్తు పడలేదు’ అనుకుని మాత్ర వేసుకుని అదే గదిలో, అదే పొయ్యి పక్కన పడుకుంటాడు. అనుమానం వచ్చి వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించినా లాభం లేదు. మామూలు ఆక్సీమీటర్ ఆక్సిజన్ పట్టిన రక్తానికీ, విషవాయువు పట్టిన రక్తానికీ తేడా కనిపెట్టలేదు. అంకె బాగానే ఉంటుంది, మనిషి జారిపోతుంటాడు.

ఇక ఎదురుమంట. కొండ గాలి పొగగొట్టంలోకి తిరగబడినా, మసి పేరుకుని గొట్టం పూడినా, ఆరిపోయిన వేడి డబ్బాలో కిరోసిన్ ఆవిరై నిండిన తర్వాత అగ్గిపుల్ల గీసినా మంట గది వైపే దూకుతుంది. పక్కన కిరోసిన్ డబ్బా, చుట్టూ నైలాన్ స్లీపింగ్ బ్యాగులు, గోడల నిండా ఫోమ్. బయటకు పోయే దారి ఒకటే. ఆ దారి పక్కనే తరచూ పొయ్యి ఉంటుంది.

ప్రొపేనా, కిరోసినా?

పాశ్చాత్య దేశాల్లో అడవి మధ్య చిన్న గుడిసె కట్టుకున్నవాళ్లు ప్రొపేన్ సిలిండర్ హీటర్‌ను ఇష్టపడతారు. మీట తిప్పితే వెలుగుతుంది, మసి లేదు, వాసన లేదు. అలాంటిదే మన జవాన్లకు ఎందుకు ఇవ్వకూడదు అన్న ప్రశ్న అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. ప్రశ్న మంచిదే. జవాబు ఇంధనం స్వభావంలో ఉంది.

మన వంటింటి గ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర కూడా ఆవిరి కాగలదు. బ్యూటేన్ సున్నా దగ్గరే మొరాయిస్తుంది. చలి ముదిరేకొద్దీ సిలిండర్లో గ్యాస్ ఉన్నా పొయ్యికి రాదు. పోనీ శుద్ధమైన ప్రొపేన్ ప్రత్యేకంగా తెప్పించినా, మైనస్ 40కి దగ్గరపడ్డాక దానికీ ఒత్తిడి చాలదు. అమెరికాలో విరివిగా అమ్ముడయ్యే చిన్న ప్రొపేన్ హీటర్లలో ఆక్సిజన్ తగ్గితే ఆరిపోయే భద్రతా ఏర్పాటు ఉంటుంది. 7,000 అడుగులు దాటితే అవి వాటంతటవే ఆరిపోవచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. మన లేహ్ పట్టణమే దాదాపు 11,500 అడుగుల ఎత్తులో ఉంది. పైగా ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. కారితే నేల పట్టుకుని పల్లానికి జారి చేరుతుంది. బంకర్ అంటేనే నేలలో తవ్విన గుంత. అందులో లీకైన గ్యాస్ బయటకు పోవడానికి దారే ఉండదు.

కాబట్టి పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ మన ముందు శిబిరాలకు పనికిరాదు. మరో లెక్క కూడా చూడాలి. కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. పొగగొట్టం లేకపోతే ఆ నీరంతా గది గోడల మీద, స్లీపింగ్ బ్యాగుల మీద చేరి తెల్లవారేసరికి గడ్డకడుతుంది. తడిసిన ఉన్ని కాపాడదు. పొగ బయటకు పంపని కిరోసిన్ హీటర్‌తోనూ ఇదే తంటా.

కిరోసిన్‌కు ఉన్న గుణం వేరు. గడ్డకట్టే చలిలో ద్రవంగా నిలుస్తుంది. సిలిండర్ బరువు మోయక్కర్లేదు, జెర్రీ క్యాన్‌లో కంచర గాడిద మీదో, కూలి వీపు మీదో, చీతా హెలికాప్టర్‌లోనో వెళ్తుంది. మామూలు డీజిల్ లద్దాఖ్ చలికి చిక్కబడుతుంది. అందుకే 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల వరకూ పారే శీతాకాలపు డీజిల్‌ను అక్కడికి ప్రత్యేకంగా తెచ్చింది. నాటో దేశాల సైన్యాలు యుద్ధక్షేత్రంలో ఒకే ఇంధనం అన్న సూత్రం పాటిస్తాయి. ఆ ఒక్క ఇంధనం కూడా కిరోసిన్ జాతిదే. విమానానికి, వాహనానికి, గుడారం హీటర్‌కు అదే సరిపోయేలా చూసుకుంటారు. ఇంధనం మార్చడం కంటే దాన్ని కాల్చే పద్ధతి మార్చడమే మనకు మేలు.

చౌక పొయ్యి, ఖరీదైన వేడి

ఆ దిశలో మంచి అడుగు పడింది. డీఆర్‌డీవోకు చెందిన ఢిల్లీ ప్రయోగశాల డీపాస్ ‘హిమ్‌తాపక్’ పేరుతో మెరుగైన బుఖారీని రూపొందించింది. రూ.420 కోట్ల మేరకు సైన్యం ఆర్డరు ఇచ్చిందని ఆ సంస్థ సంచాలకులు 2021 జనవరిలో వెల్లడించారు. ఎదురుమంటకు, విషవాయువుకు ఆస్కారం ఉండదని, చమురు వాడకం సుమారు సగానికి తగ్గుతుందని, ఏటా రూ.3,650 కోట్ల వరకూ ఆదా కావచ్చని చెప్పారు. ఆదా అంచనాతో పోలిస్తే ఆర్డరు విలువ ఎంత చిన్నదో గమనించండి. పొయ్యి ధర అసలు ఖర్చు కాదు. దానికి తిండి పెట్టడమే అసలు ఖర్చు.

ఉదాహరణకు రోజుకు 8 లీటర్లు తాగే బుఖారీ ఒకటి ఉందనుకుందాం. ఆరు నెలలకు 1,440 లీటర్లు. అంటే 72 జెర్రీ క్యాన్లు, దాదాపు 1,150 కిలోల బరువు. ఒక్క గదికి, ఒక్క చలికాలానికి. చివరి అంచె పోస్టులకు హెలికాప్టర్ మోయగలిగేది ఎత్తుతో పాటు తగ్గిపోతుంది. ప్రతి క్యాన్ వెనుక ఒక పైలట్ ప్రాణం, ఒక కూలి నడుము ఉన్నాయి. చమురు సగానికి తగ్గితే 36 క్యాన్ల ప్రయాణం తప్పుతుంది. టెండర్లో వెయ్యి రూపాయలు తక్కువ పలికిన పొయ్యి రెండు క్యాన్లు ఎక్కువ తాగితే ఆ పొదుపు కొండ ఎక్కకముందే కరిగిపోతుంది.

అంతకుముందు పని గోడలది. వేడి పుట్టించడం కంటే పుట్టిన వేడిని పట్టి ఉంచడం తేలిక. 2021 ఫిబ్రవరిలో లద్దాఖ్ ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ పది మంది సైనికులకు సరిపోయే సౌర గుడారాన్ని చూపించారు. బయట రాత్రి మైనస్ 14 డిగ్రీలు ఉంటే, రాత్రి పది గంటలకు లోపల ప్లస్ 15. పగటి ఎండను గోడలో దాచి రాత్రి వాడుకునే పద్ధతి అది. చుషుల్‌లో సైనిక స్థావరానికి రేయింబవళ్లు విద్యుత్తు ఇచ్చే 200 కిలోవాట్ల సౌర-హైడ్రోజన్ మైక్రోగ్రిడ్‌ను ఎన్‌టీపీసీ చేపట్టింది. ఇవి వెనుక స్థావరాలకు దారి చూపుతాయి. మంచు తుపానులో మూడు రోజులు సూర్యుడు కనబడని ముందు పోస్టుకు మాత్రం ఇంకా చాలాకాలం మంటే దిక్కు.

డబ్బు పెట్టినంత మాత్రాన ఇల్లు వెచ్చబడదని కాగ్ మనకు ముందే చెప్పింది. ఎత్తు ప్రాంతాల్లో సైనికుల దుస్తులు, తిండి, నివాసాలపై 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదికలో నివాసాల ప్రయోగాత్మక పథకంపై రూ.274 కోట్లు వెచ్చించినా అది సఫలం కాలేదని తేల్చింది. పరికరాల కొనుగోళ్లలో జాప్యాన్ని ఎత్తిచూపింది. హిమ్‌తాపక్ కూడా అదే దారిన పోకూడదంటే ప్రకటన దగ్గర ఆగకూడదు. ఎన్ని పోస్టులకు చేరాయి, ఎన్ని చోట్ల పాత డబ్బాలే వెలుగుతున్నాయి, విడిభాగాలు ఎవరు పంపుతున్నారు అన్న లెక్క కావాలి.

మా నాన్న చెప్పిన రూలు

ఇక్కడ నాకు మా నాన్న గుర్తొస్తారు. ఝార్‌గ్రామ్ వైపు సాల అడవుల మధ్య ఒక చిన్న స్టేషన్లో ఆయన క్యాబిన్‌మన్. సిగ్నల్ లీవర్లు లాగే ఆ క్యాబిన్ నాలుగు పక్కలా అద్దాల గది. పుష్యమాసం రాత్రుళ్లు గాలి కోసేసేది. ఇంజన్ బొగ్గు నాలుగు ముక్కలు కుంపట్లో వేసుకునేవారు. కానీ ఒక అద్దం తలుపు చేతి మందం తెరిచే ఉంచేవారు. చలి లోపలికి వస్తుంటే కుంపటి దండగ కదా అని చిన్నప్పుడు అడిగాను. ‘‘కుంపటి మన కోసం, కిటికీ కుంపటి కోసం’’ అన్నారు. పక్క సెక్షన్లో ఒక గేటు గదిలో తలుపు బిగించి కుంపటి పెట్టుకుని పడుకున్న ఇద్దరు తెల్లారి లేవలేదట. ఆ తర్వాత ఆయన ఎవరికి డ్యూటీ అప్పగించినా కిటికీ చూపించి మరీ దిగేవారు.

క్యాబిన్‌మన్ నిద్రపోకూడదు, అది ఉద్యోగం. ఆ మెలకువే ఆయన్ను కాపాడింది. అమెరికా సైన్యంలో గుడారంలో హీటర్ వెలిగినంతసేపూ ఒక సైనికుడు మేలుకుని కాపలా ఉండాలి. అతన్ని ఫైర్ గార్డ్ అంటారు. హీటర్ ముట్టుకోవాలంటే శిక్షణ పొంది ఉండాలి. మన యూనిట్లలో జాగ్రత్తలు లేవని కాదు. మంచి కమాండర్లు రాత్రి పొయ్యి ఆర్పించే పడుకోబెడతారు. కానీ పగలంతా గస్తీ తిరిగి, రాత్రి సెంట్రీ డ్యూటీ చేసి వచ్చిన పది మందిలో పొయ్యి కోసం మరొకరు మేలుకోవాలంటే పోస్టులో మనుషుల లెక్క అందుకు తగ్గట్టు ఉండాలి. అది జవాను మనస్సాక్షికి వదిలేసే విషయం కాదు. మనుషులను కేటాయించేటప్పుడే తేల్చాల్సిన విషయం.

చేయాల్సినవి

మొదటిది, మూసిన గదిలో వెలిగే ప్రతి పొయ్యికీ పొగగొట్టం, బయటి గాలిని నేరుగా మంటకు తెచ్చే మరో గొట్టం తప్పనిసరి కావాలి. గదిలోని గాలిని తాగని పొయ్యికి తలుపు బిగించినా ప్రమాదం తక్కువ.

రెండోది, ప్రతి బంకర్‌కు, ప్రతి గుడారానికి కార్బన్ మోనాక్సైడ్ అలారం. చలిలో బ్యాటరీ చచ్చిపోకుండా పరీక్షించినది కావాలి. అరచేతిలో పట్టే పరికరం ఇది. ఒక జెర్రీ క్యాన్ మోసే చోట పది అలారాలు మోయవచ్చు.

మూడోది, తలనొప్పి వచ్చిన జవాన్ను ముందు బయటి గాలికి తేవాలి, ఆ తర్వాతే ఎత్తు జబ్బు గురించి ఆలోచించాలి అన్న సూత్రం నర్సింగ్ సహాయకుల నుంచి సెక్షన్ కమాండర్ల వరకూ నోటికి రావాలి. ఆక్సీమీటర్ అంకెను ఒక్కదాన్నే నమ్మవద్దని చెప్పాలి. అనుమానం ఉంటే ఆక్సిజన్ పెట్టాలి. ఎత్తు జబ్బుకైనా, విషవాయువుకైనా అది మేలే చేస్తుంది.

నాలుగోది, టెండర్లో పొయ్యి ధరను కాక దాని జీవితకాలంలో అది తాగే చమురు, ఆ చమురును పైకి చేర్చే ఖర్చు కలిపి పోల్చాలి. పరీక్ష మైదానంలో కాకుండా 15,000 అడుగుల పైన ఒక పూర్తి చలికాలం జరగాలి. పరీక్షించే బృందంలో ఆ గదిలో పడుకోబోయే జవాన్లు ఉండాలి.

అయిదోది, పొయ్యిల వల్ల జరిగిన అగ్నిప్రమాదాలు, పొగ మరణాల వార్షిక లెక్కను రక్షణ శాఖ, హోం శాఖ విడివిడిగా పార్లమెంటరీ స్థాయీ సంఘాల ముందు పెట్టాలి. పోస్టు పేరు, యూనిట్ పేరు చెప్పనక్కర్లేదు. శత్రువుకు ఉపయోగపడే రహస్యం ఏమీ లేదు అందులో. లెక్క లేని చోట బాధ్యత కూడా ఉండదు.

ఆరోది, ఈ మేలు సైన్యంతో ఆగకూడదు. ఐటీబీపీ జవాన్లు అదే ఎత్తులో ఉంటారు. సరిహద్దు రోడ్లు వేసే బీఆర్వో కూలీల్లో చాలామంది జార్ఖండ్ నుంచి వెళ్లినవారు. మా ఖరగ్‌పూర్ స్టేషన్ మీదుగా వెళ్లే రైళ్లలో అలాంటి బతుకుల్ని రోజూ చూస్తాం. వారు కోసిన కొండ మీదుగానే యుద్ధ ట్యాంకు ముందుకు పోతుంది. వారి గుడారంలో మాత్రం తారు డబ్బా కోసి చేసిన పొయ్యి ఉంటే అది ఏ టెండర్ లెక్కలోకీ రాదు.

సరిహద్దులో ఒక రాత్రి గడవడమంటే దేశం ఆ రాత్రికి భద్రంగా ఉన్నట్టు. ఆ రాత్రి సెంట్రీ బయట చీకటిని చూస్తుంటాడు. లోపల పడుకున్న తొమ్మిది మందిని చూసేందుకు ఒక మంచి పొయ్యి, ఒక చిన్న అలారం, చేతి మందం కిటికీ చాలు.

మా వీధి కుర్రాడు కనుమ మర్నాడు హౌరా వైపు రైలెక్కి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ అరిసెలు కట్టి ఇచ్చి, ‘‘సలికి జాగర్త నాయనా’’ అంది. నేను మాత్రం వాడికి మా నాన్న మాటే చెప్పి పంపాను. కిటికీ మరిచిపోకురా అని. వాడు తలూపాడు. ఆ మాట చెప్పాల్సింది ఒక రిటైర్డ్ క్యాబిన్‌మన్ కొడుకు కాదు. వాడిని అక్కడికి పంపిన ప్రభుత్వం.